పన్నెండో తేదీ ఉన్న వారం

మేనేజరు పేరుతో గోడకి అతికించిన కాగితం వెనక జిగురు ఇంకా ఆరనేలేదు. సోమవారం పొద్దున హాల్లోకి వస్తూనే అందరి కళ్లూ దాని మీదే పడ్డాయి. ఇరవై నాలుగు స్టూళ్ల మీద కూర్చున్న ఆడవాళ్లూ, ఆ స్టూళ్ల పక్కనే గోనెపట్టాలు పరుచుకుని కింద కూర్చున్న ఆడవాళ్లూ, కత్తెరలు ఆపకుండానే మెడలు చాచారు. తొమ్మిదో నంబరు స్టూలావిడకి చదువు వచ్చు. లేచి వెళ్లి, గొంతు సవరించుకుని చదివింది.

"దారాలు కత్తిరించే పనిలో సగటు కూలి గంటకి ఎనభై రూపాయలు. వేతన బోర్డు నిర్ణయించిన కనీస కూలి గంటకి అరవై. కనుక చొక్కాకి రెండుగా ఉన్న రేటును మూడు చేయాలన్న కోరికకి ఆధారం లేదు."

"గంటకి ఎనభై ఎవరికొస్తోందే?" అంది ఎవరో వెనకనుంచి. "ఆ మహాతల్లిని ఒకసారి చూపించండి, కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాం."

నవ్వులు లేచాయి. నవ్వనిది పదిహేడో నంబరు స్టూలు మీద కూర్చున్న మనిషి ఒక్కతే. ఆమెని హాల్లో కత్తెరమ్మ అంటారు. చేతిలో కత్తెర ఎంత చురుకో నోట్లో నాలుకా అంతే చురుకని ఆ పేరు. ఆ రోజు మాత్రం నాలుక కదల్లేదు. ఎనభై అనే అంకె ఎక్కడ పుట్టిందో ఆమె వెతుకుతోంది.

చేతులు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. కాలరు రెండు మూలలు, కఫ్ రెండు, బొత్తాల పట్టీ పైనుంచి కిందికి, చంకల కుట్టు, అంచు. తెల్ల చొక్కా ఒక్కదానికి పదకొండు చోట్ల దారం వేలాడుతుంది. లాగితే కుట్టు ఊడుతుంది, కత్తెర లోతుగా పెడితే బట్ట తెగుతుంది. బట్ట తెగితే ఆ చొక్కా ఖరీదు కూలిలోంచి పోతుంది. అయిపోయిన చొక్కాని దులిపి ఎడమ పక్క పెట్టాలి. ఇరవై అయితే గుడ్డపీలికతో కట్ట కట్టాలి. చొక్కా తెలుపు కాబట్టి చెప్పులు బయట ఇనప అరలో వదిలి రావాలి. మనుషులు నల్లబడ్డా ఫరవాలేదు గానీ నేల నల్లబడకూడదు.

కత్తెరమ్మ స్టూలు పక్కన గోనెపట్టా మీద కూర్చునేది ఆమె ఆడపడుచు. ఇద్దరికీ కలిపి టోకెను ఒకటే, పదిహేడు అని చెక్కిన ఇత్తడి బిళ్ల. అది ఉండేది కత్తెరమ్మ నడుముకి. రిజిస్టర్లో పేరు ఆమెది, సంతకం ఆమెది, చెయ్యి తెగితే మందుల చీటీ ఆమె పేరున. ఆడపడుచుకి చెయ్యి తెగినా అదే పేరున. కట్టుకట్టే నర్సు ఒకసారి కళ్లజోడు పైకెత్తి, "పోయిన నెల నీ ఎడమ బొటనవేలికి ఆరు కుట్లు వేశాను, మచ్చ కూడా లేదేమే," అంది. ఆడపడుచు తొణక్కుండా, "మీ చేతి చలవ సిస్టర్," అంది. ఆ మాట హాల్లో ఏడాదిపాటు నవ్వుకున్నారు.

ఇరవై నాలుగు స్టూళ్లకీ ఇదే పద్ధతి. స్టూలు మీద ఒకరు, కింద ఒకరు. కాగితంలో మాత్రం స్టూలు మీద ఉన్నవాళ్లే మనుషులు.

పదకొండు కావస్తుండగా జీతాల గుమస్తా గుమ్మంలోకి వచ్చి చేతిలోని ఇనప స్కేలుతో చెప్పుల అరని రెండుసార్లు కొట్టాడు. ఠంగ్, ఠంగ్. అది చాలు. గోనెపట్టాల మీది ఇరవై నలుగురూ లేచారు, పట్టాలు చుట్టి చంకన పెట్టుకున్నారు, హాలు చివర కప్పు దాకా పేర్చిన బట్టల మూటల వెనక్కి వెళ్లిపోయారు. మాట లేదు, తోపులాట లేదు. నిమిషం పట్టలేదు. ఎవరు తనిఖీకి వచ్చినా ఇంతే. ఆరేళ్లలో ఆడపడుచు కాళ్లకి ఆ దారి కళ్లు మూసుకున్నా తెలుసు.

గుమస్తా వెనకే ఒక పెద్దావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, భుజాన సంచి, చేతిలో అట్టకి బిగించిన ఫారాలు. చెప్పులు అరలో పెట్టి, మడమ దగ్గర చిరిగిన మేజోళ్లతో చల్లటి నేల మీద జాగ్రత్తగా నడిచింది.

"సర్వే మేడమ్," అని పరిచయం చేశాడు గుమస్తా. "దేశంలో ఏ పరిశ్రమలో ఎంతమంది పనిచేస్తున్నారు, గంటకి ఎంత కూలి అనేది వీళ్లే లెక్క తీస్తారు. నెలనెలా మనం ఫారం నింపి పంపిస్తాం. చీటీ తీస్తే ఈసారి మన ఫ్యాక్టరీ పేరు వచ్చిందట. కాగితం మీద ఉన్నదీ ఇక్కడ ఉన్నదీ ఒకటేనా కాదా అని సరిచూసుకోడానికి వచ్చారు." చివరి మాట అంటూ అతను కత్తెరమ్మ వంక చూశాడు. ఆ చూపులో గద్దింపు లేదు, బతిమాలుకోలు ఉంది.

సర్వే ఆవిడ స్టూళ్లు లెక్కపెట్టింది. ఇరవై నాలుగు. ఫారంలోనూ ఇరవై నాలుగే. తర్వాత పదిహేడో నంబరు దగ్గర ఆగింది.

"గంటకి ఎన్ని చొక్కాలు చేస్తారమ్మా?"

"నలభై," అంది కత్తెరమ్మ. ఆ జవాబు అలవాటుగా వచ్చేసింది.

"ఒక్కరే?"

"ఒక్కదాన్నే."

ఆవిడ రాసుకుంది. "రేపు కూడా వస్తాను," అని వెళ్లిపోయింది.

మూటల వెనకనుంచి బయటికొస్తూ ఆడపడుచు తలలో చిక్కుకున్న దూది పోగులు దులుపుకుంది. "ఏమంది వదినా?"

"నేను బాగా చురుకైనదాన్నంది," అంది కత్తెరమ్మ. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

మంగళవారం సర్వే ఆవిడ స్టూలు కూడా తెచ్చుకుంది. ఠంగ్, ఠంగ్ అయ్యాక, పదిహేడో నంబరు పక్కనే దాన్ని వేసుకుని కూర్చుని చేతి గడియారం విప్పి చొక్కాల గుట్ట మీద పెట్టింది.

"ఒక గంట మిమ్మల్ని చూస్తాను. మామూలుగా చేసుకోండి."

గుమస్తా మేడ మీద అద్దాల గది వంక చూసి, బయటికి వెళ్లిపోయాడు. ఆ గది మేనేజరుది.

కత్తెరమ్మ చేసుకుంది. మామూలుగా కాదు, ప్రాణం పెట్టి చేసింది. కాలరు, కఫ్, పట్టీ, చంకలు, అంచు. చెమట చొక్కా మీద పడకుండా మోచేత్తో నుదురు తుడుచుకుంది. గోనెపట్టా మీద ఉన్న మనిషి చొక్కా తిరగేసి ఇస్తే ఎంత సులువో, లేకపోతే ఎంత కష్టమో మొదటిసారి చేతులకి తెలిసింది. మధ్యలో రెండుసార్లు ఎడమ చెయ్యి అలవాటుగా కిందికి చాచింది. అందించేవాళ్లు లేరు. గంట గడిచేసరికి ఇరవై ఒక్క చొక్కాలు.

సర్వే ఆవిడ గడియారం మణికట్టుకి కట్టుకుంది. "నా వయసులో చూపు తగ్గుతుందంటారు," అంది నెమ్మదిగా. "లోపలికి వచ్చేముందు చెప్పుల అర చూశాను. గుమస్తా గారి బూట్లు వదిలేశాను, నావీ వదిలేశాను. నలభై ఏడు జతలున్నాయి."

కత్తెరమ్మ చొక్కా దులుపుతూ, తల ఎత్తకుండా, "నలభై ఎనిమిది ఉండాలి. తొమ్మిదో నంబరు రెండో ఆవిడ రాలేదు, పిల్లకి జ్వరం," అంది.

అనేశాక చొక్కా చేతిలో అలాగే ఆగిపోయింది. బతుకంతా లెక్కపెట్టిన మనిషి. ఇరవైకి కట్ట, కట్టకి నలభై, ఒకటి తగ్గినా ఒప్పుకోదు. ఎదుటి మనిషి తప్పు లెక్క చెబితే సరిచేయకుండా ఉండలేని రోగం. ఆ రోగమే కొంప ముంచింది. పక్క స్టూళ్ల మీద కత్తెరలు ఒకటొకటిగా ఆగిపోవడం వినిపించింది.

సర్వే ఆవిడ గెలిచినట్టు చూడలేదు. "మీరు చెప్పింది మేనేజరుకి చేరదు. చేరితే నా ఉద్యోగం పోతుంది," అంది. "అయినా చెప్పులకి నా ఫారంలో గడి లేదమ్మా. రిజిస్టర్లో లేని మనిషిని నేను రాయలేను."

"మరి ఎనభై ఎక్కడిది?"

"ఇక్కడిదే. మీ హాలుకి ఇచ్చిన మొత్తం కూలి ఒక గడిలో ఉంటుంది. ఎంతమంది ఎన్ని గంటలు చేశారనేది ఇంకో గడిలో ఉంటుంది. దాన్ని దీంతో భాగిస్తారు. మీ రోజు కూలి ఆరువందల నలభై. ఎనిమిది గంటలు. ఒక మనిషి."

కత్తెరమ్మ మనసులోనే భాగించుకుంది. ఎనభై. తర్వాత ఇద్దరితో భాగించింది. నలభై. కనీస కూలి అరవై కదా. నిన్నటి నుంచి వెతుకుతున్న మహాతల్లి దొరికింది. ఆ ఎనభై మింగుతున్న ఆడది ఎక్కడో లేదు, తనే. ఒక్కదాన్నే అని చెప్పినప్పుడల్లా చొక్కాకి మూడు అడిగే నోళ్లన్నీ తనే మూసింది.

"ఎవరిని లెక్కలో వేస్తారు మీరు? సరిగ్గా చెప్పండి."

ఆవిడ ఫారం తిరగేసి వెనక చిన్నక్షరాలు చదివింది. "నెలలో పన్నెండో తేదీ ఉన్న జీతపు వారంలో, ఒక్క గంట పనికైనా సరే, కూలి అందుకున్న ప్రతి మనిషినీ ఒక్కరుగా లెక్క వేయాలి."

"ఇంకోసారి చదవండి."

చదివింది.

"పన్నెండు మొన్న శనివారం పోయింది," అంది కత్తెరమ్మ.

"ఆ వారం కూలి మీకు రేపు ఇస్తారు," అంది ఆవిడ, ఫారం సంచిలో పెట్టుకుంటూ. "సంతకాలన్నీ అయ్యాక రిజిస్టరు చూసి అంకెలు రాసుకుని వెళ్లిపోతాను."

సాయంత్రం వదినా ఆడపడుచూ నడిచే ఇంటికి బయల్దేరారు. బస్సుకి పెట్టే డబ్బు మిగిలితే రెండు సబ్బులొస్తాయి. ఖాళీ టిఫిను డబ్బాలు గలగలమంటున్నాయి. రెండు వీధులు దాటేదాకా కత్తెరమ్మ చెప్పుకుంటూ పోయింది, ఆడపడుచు విన్నది.

"రేపు ఇద్దరం నిలబడదాం. నువ్వూ సంతకం పెట్టు."

"బాగుంది," అంది ఆడపడుచు. "తీసేస్తే నీ స్టూలు నీకుంటుంది. పోయేది నా గోనెపట్టా."

"నిన్ను తీసేస్తే నేనూ రాను."

"మా అన్న జీతంతో నీ ఇంట్లో ఎన్నాళ్లు పొయ్యి వెలుగుతుందో నాకు తెలీదనుకున్నావా? మూడో రోజుకి వస్తావు. రాకపోతే నేనే తోసి పంపిస్తాను." కొంతదూరం నడిచాక మళ్లీ అంది, "ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు."

"అడుగు."

"రోజుకి ఇరవై."

కత్తెరమ్మ ఠక్కున ఆగిపోయింది. పక్కనుంచి పోతున్న సైకిలు గంట కొట్టి తప్పుకుంది. రోజుకి ఇరవై అంటే స్టూలు వాటా. ఆరువందల నలభైలో ముందు ఇరవై తీసి పక్కన పెట్టి, మిగిలింది సగం చేస్తుంది కత్తెరమ్మ. టోకెను తనది, పేరు తనది, ఏదైనా తేడా వస్తే తిట్లు తనకి. హాల్లో అందరూ అలాగే చేస్తారు. అందరూ చేసేది కాబట్టి దానికి పేరు కూడా ఉంది. ఆరేళ్లుగా ఆడపడుచు ఒక్కనాడూ నోరెత్తలేదు.

"మేనేజరు మనకి సగం ఎగ్గొడుతున్నాడని నువ్వు తిడుతూనే ఉంటావు," అంది ఆడపడుచు, కోపం లేకుండా. "కింద కూర్చుంటే పైనున్నవాళ్లందరూ ఒకేలా కనపడతారు వదినా."

కత్తెరమ్మ టిఫిను డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని నడిచింది. వీధి మలుపు దగ్గర, ఇద్దరూ విడిపోయే చోట, అంది.

"ఇద్దరం సంతకం పెడితే నీ సగం నీ చేతికే ఇస్తారు. అందులోంచి ఇరవై నేనెలా తీస్తాను?"

ఆడపడుచు ఆమె ముఖంలోకి చూసింది. "నాకు సంతకం సరిగ్గా రాదు," అంది. "ఎప్పుడూ అవసరం పడలేదు."

"రాత్రికి రాసి చూసుకో."

బుధవారం పొద్దున అరలో చెప్పులు ఇరవై నాలుగు జతలే ఉన్నాయి. మిగతావి సంచుల్లో పెట్టి మూటల వెనక దాచమన్నాడు గుమస్తా. చెప్పుల సంగతి అతనికి ఎవరు చేరవేశారో తెలీదు. భయం దానంతట అదే నడిచి వెళ్లి ఉంటుంది. గుమస్తా చెడ్డవాడు కాదు. ముగ్గురు పిల్లలు, ఒక ఉబ్బసం, ఇరవై ఏళ్లుగా ఒకటే స్కేలు. అతని ఫారాలన్నీ నీటుగా ఉంటాయి, అబద్ధం కూడా గీత దాటదు.

మూడింటికి హాల్లో బల్ల వేశారు. రిజిస్టరు, డబ్బు పెట్టె, సిరా పెన్ను, స్కేలు. పక్కన కిటికీ దగ్గర సర్వే ఆవిడకి కుర్చీ, ఆవిడ ఇంకా రాలేదు. ఠంగ్, ఠంగ్ మంది. గోనెపట్టాలు లేచాయి.

ఆడపడుచూ లేచింది. కత్తెరమ్మ సగం కత్తిరించిన చొక్కా తీసి ఆమె ఒళ్లో పడేసింది.

"అది పూర్తి చెయ్యి. సగంలో లేవకూడదు."

ఆడపడుచు నిలబడీ నిలబడకుండా ఒక క్షణం ఊగింది. తర్వాత కూర్చుంది. మూటల దాకా వెళ్లినవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. వెళ్లాలో రావాలో తెలీక అక్కడే ఆగిపోయారు, చంకన పట్టాలతో.

సర్వే ఆవిడ వచ్చి కూర్చున్నాక గుమస్తా గొంతు సవరించుకుని ఒకటో నంబరు పిలిచాడు, రెండు పిలిచాడు. వాళ్లు సంతకం చేసి తీసుకున్నారు. "పదిహేడు" అనేదాకా కత్తెరమ్మ గోళ్లు కొరుక్కుంటూనే ఉంది. అప్పుడు లేచింది. పక్కన ఆడపడుచు.

"ఇద్దరెందుకు?" అన్నాడు గుమస్తా పళ్ల మధ్యనుంచి.

"వారానికి మూడువేల ఎనిమిదివందల నలభై. నాకు అందేది అందులో సగం," అంది కత్తెరమ్మ. "అందుకోని సగానికి నేను సంతకం ఎలా పెట్టను? ఆ సగం అందుకునే మనిషి ఇదిగో. పన్నెండో తేదీ ఉన్న వారంలో, ఒక్క గంట పనికైనా సరే, కూలి అందుకున్న ప్రతి మనిషినీ ఒక్కరుగా లెక్క వేయాలట. ఈవిడ నలభై ఎనిమిది గంటలు చేసింది."

"కత్తెరమ్మా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"మీ ఇంటికా, మా ఇంటికా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. గుమస్తా చెవులు ఎర్రబడ్డాయి. "తెలిసే మాట్లాడుతున్నావా? రేపు ఫారంలో మీ కూలి నలభై అని పడుతుంది. కూలి తగ్గించమని కొట్లాడే మనుషుల్ని పుట్టి బుద్ధెరిగి చూడలేదు."

"తగ్గించమనడంలేదు గుమస్తా గారూ. ఉన్నది రాయమంటున్నాం. నలభై అని పడితే అరవై అడుగుతాం. ఎనభై అని పడితే ఏమని అడగాలి?"

పద్దెనిమిదో నంబరు స్టూలు దిగింది. ఆమె గోనెపట్టా మనిషి మూటల దగ్గరనుంచి నడిచి వచ్చి పక్కన నిలబడింది. పంతొమ్మిది వచ్చింది. తొమ్మిదో నంబరావిడ అప్పటికే సంతకం పెట్టి డబ్బు నడుముకి దోపుకుంది. వచ్చి ఆ నోట్లు బల్లమీద పెట్టి, "నా సంతకం కొట్టేయండి, మా రెండో ఆవిడ కూడా పెడుతుంది," అంది.

అద్దాల గది తలుపు తెరుచుకుంది. మేనేజరు మెట్ల మీద సగం దాకానే దిగాడు.

"టోకెనుకి ఒక్కరే. రెండోవాళ్లు రేపట్నుంచి రానక్కర్లేదు."

హాలంతా చల్లబడింది. ఆడపడుచు వదిన చెయ్యి పట్టుకుని, మొదటిసారి తనే నోరు తెరిచింది.

"అలాగే సార్. వదిన ఒక్కతే గంటకి ఇరవై ఒకటి చేస్తుంది. నిన్న గడియారం పెట్టి చూశారు. సరుకు తీసుకెళ్లే లారీ శనివారం. చొక్కాలు ఇంకా ఇరవై వేలు. ఇరవై నలుగురు, మూడు రోజులు." మెల్లగా చెప్పింది, అందరికీ లెక్క వేసుకునే తీరిక ఇస్తూ. "పన్నెండు వేల దగ్గరే ఆగుతాయి."

మేనేజరు లెక్కలు వచ్చినవాడే. చొక్కాల గుట్టల వంక చూశాడు, గుమస్తా వంక చూశాడు, కిటికీ దగ్గర తల వంచుకుని పెన్సిలు చెక్కుకుంటున్న సర్వే ఆవిడ వంక చూశాడు.

"సరే, ఏడవండి. ఈ ఒక్క వారం కూలికి మాత్రం ఇద్దరేసి సంతకాలు పెట్టండి. వచ్చే వారం నుంచి పాత పద్ధతే. పని ఆగిందో ఒక్కరినీ ఉంచను." తలుపు మూసుకుంది.

కత్తెరమ్మ ముఖం మాడిపోయింది. ఒక్క వారం. ఇంత చేసి ఒక్క వారం.

సర్వే ఆవిడ చెక్కిన పెన్సిలు మొన మీద ఊదింది. "నాకు కావలసింది ఈ వారమే," అంది, ఎవరితోనూ కానట్టు.

గుమస్తా ఆవిడ వంకా రిజిస్టరు వంకా మార్చి మార్చి చూశాడు. అతనికి అర్థమైంది. మేడ మీదికి వెళ్లి చెప్పడానికి పదిహేను మెట్లే ఉన్నాయి. లేచాడు. బల్ల అంచు పట్టుకుని కాసేపు నిలబడి, దగ్గి, మళ్లీ కూర్చున్నాడు. స్కేలు తీసి పదిహేడో నంబరు గడి మీద అడ్డంగా పెట్టాడు. ఇరవై ఏళ్లుగా ఠంగ్ ఠంగ్ మనిపించిన స్కేలు. గీత కాస్త వంకరగా వచ్చింది. గడి రెండయింది.

"పైన నువ్వు, కింద ఆవిడ," అన్నాడు.

"పైన అదే పెడుతుంది," అంది కత్తెరమ్మ.

ఆడపడుచు పెన్ను పట్టుకుంది. రాత్రి కాగితం నిండా రాసిన పేరే. అక్షరాలు పెద్దవై గడి దాటాయి. గుమస్తా పంతొమ్మిదివందల ఇరవై లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మళ్లీ లెక్కపెట్టుకుంది. వదిన చూపు ఆ నోట్ల మీదికి అలవాటుగా వెళ్లి, వెనక్కి వచ్చేసింది.

గీతలు గీయడం అయిదింటి దాకా సాగింది. సర్వే ఆవిడ అంకె రాసుకుంది. నలభై ఎనిమిది. వెళ్తూ వెళ్తూ కత్తెరమ్మ దగ్గర ఆగింది. "ఈ అంకెతో బోర్డు ఏం చేస్తుందో నేను చెప్పలేనమ్మా. రాయడం వరకే నా పని."

"అడగడం మా పని," అంది కత్తెరమ్మ. "వచ్చే నెల వస్తారా?"

"నేను రాను. ఫారం వస్తుంది."

"వచ్చే నెలలోనూ పన్నెండు ఉంటుందిగా."

బెల్లు కొట్టడానికి ఇంకా గంట ఉంది. అందరూ మళ్లీ పనికి కూర్చున్నారు. కత్తెరమ్మ వెళ్లి గోనెపట్టా మీద కూలబడి కాళ్లు చాపింది. ఆడపడుచు ఖాళీ స్టూలు ముందు నిలబడి, ఎవరిదో అన్నట్టు దాన్ని చూసింది.

"చూస్తావేంటి? కూర్చో. రోజు మార్చి రోజు."

ఆడపడుచు కూర్చుంది. అటూ ఇటూ సర్దుకుంది. "ఎత్తుగా ఉంది వదినా. కాళ్లు ఆనడంలేదు."

"రెండ్రోజుల్లో ఆనుతాయి," అంది కత్తెరమ్మ, చొక్కా తిరగేసి పైకి అందిస్తూ. "ఊఁ, పట్టుకో. కాలరు దగ్గర దారం ఉంది చూడు."